నూతన సంవత్సరంలో ఆంగ్లభాషాధ్యయన లక్ష్యాలు: తెలుగు పరిశోధకుల అవసరాల దృష్టితో ఒక పరిశీలన (ఆసిఫాబాద్ ప్రాంత నేపథ్యం)

వ్యాససంగ్రహం

ప్రతి జనవరిలో విద్యార్థులు, పరిశోధకులు, అధ్యాపకులు చేసుకునే సంకల్పాలలో "ఈ ఏడాది ఇంగ్లీషు నేర్చుకోవాలి" అన్నది ఒకటి. ఆ సంకల్పం చాలాసార్లు మార్చి నెల దాటదు. పట్టుదల లేకపోవడమే దీనికి కారణమని సాధారణంగా భావిస్తారు. సంకల్పం లక్ష్యరూపం పొందకపోవడం అసలు కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు పరిశోధకునికి ఆంగ్లం ప్రధానంగా పఠనభాషగా అవసరమనీ, అందువల్ల మొదటి లక్ష్యం తన పరిశోధనాంశానికి చెందిన ఆంగ్లగ్రంథాన్ని స్వయంగా చదవగలగడమే కావాలనీ వివరిస్తుంది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా భాషానేపథ్యాన్ని ఆధారంగా తీసుకుని, లక్ష్యనిర్దేశ సిద్ధాంతాలను పరిచయం చేసి, 48 వారాల పఠనప్రణాళికను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: లక్ష్యనిర్దేశం, ఆంగ్లపఠనం, తెలుగు పరిశోధన, బహుభాషికత, ఆసిఫాబాద్, మార్లవాయి, పదజాలం, వాక్యనిర్మాణం.

1. ప్రవేశిక

ఆదివాసీ మౌఖికసాహిత్యంపై తెలుగులో పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థిని ఊహిద్దాం. అతని ఊరు ఆసిఫాబాద్ పరిసరాల్లోనిది. పరిశోధనాంశం గోండుల పురాణగాథలు. వాటిపై మొదటగా చదవవలసిన గ్రంథాలలో క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1948లో ప్రచురించిన 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' ఒకటి. కోలాముల భాష గురించి తెలుసుకోవాలంటే ఎం.బి. ఎమెనో 1955లో వెలువరించిన 'కోలామీ: ఎ ద్రవిడియన్ లాంగ్వేజ్' చూడాలి. మాటల పుట్టుపూర్వోత్తరాలకు బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు, భాషాచరిత్రకు భద్రిరాజు కృష్ణమూర్తి 2003లో రాసిన 'ది ద్రవిడియన్ లాంగ్వేజెస్' అవసరమవుతాయి. ఇవన్నీ ఆంగ్లంలోనే ఉన్నాయి.

ఈ విద్యార్థి ఆ గ్రంథాలను చదవలేకపోతే ఏం చేస్తాడు? తెలుగులో వచ్చిన మరొక వ్యాసంలోనో సిద్ధాంతగ్రంథంలోనో హైమన్‌డార్ఫ్ చెప్పినట్లు కనిపించిన మాటను తీసుకుని తన గ్రంథంలో చేర్చుకుంటాడు. ఆ వ్యాసకర్త కూడా దాన్ని మరొకచోటు నుంచి తీసుకుని ఉండవచ్చు. ఈ క్రమంలో మూలరచయిత "కావచ్చు" అని అన్న మాట రెండో చేతిలో "అని అభిప్రాయపడ్డారు"గా, మూడో చేతిలో "అని నిరూపించారు"గా మారే ప్రమాదం ఉంది. దీనివల్ల నష్టపోయేది పరిశోధకుడు ఒక్కడే కాదు. ఎవరి గురించి ఆ గ్రంథం రాశారో, ఆ ప్రజల చరిత్ర కూడా వక్రీకరణకు గురవుతుంది. కాబట్టి ఆంగ్లాధ్యయనాన్ని ఉద్యోగావసరంగానో హోదాచిహ్నంగానో కాక, పరిశోధనలో నిజాయితీకి సంబంధించిన విషయంగా ఈ వ్యాసం పరిగణిస్తుంది.

2. ఆసిఫాబాద్ ప్రాంతం – భాషానేపథ్యం

2016 అక్టోబర్ 11న పూర్వపు ఆదిలాబాద్ జిల్లాను విభజించినప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా ఏర్పడింది. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న ఈ ప్రాంతంలో తెలుగుతోపాటు గోండీ, కోలామీ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ భాషలు వినిపిస్తాయి. ఇంట్లో గోండీ, అంగట్లో తెలుగు, సరిహద్దు గ్రామాల్లో మరాఠీ, పట్టణంలో ఉర్దూ లేదా హిందీ మాట్లాడే వ్యక్తి ఇక్కడ అరుదు కాదు. అలాంటివారికి ఆంగ్లం రెండో భాష కాదు, నాలుగోదో అయిదోదో అవుతుంది.

భాషాభ్యసన విషయంలో ఈ ప్రాంతానికి గమనింపదగిన చరిత్ర ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం అమరుడైన తరువాత, ఆదివాసుల స్థితిగతులను అధ్యయనం చేయడానికి హైమన్‌డార్ఫ్ ఈ ప్రాంతానికి వచ్చారు. నేటి జైనూర్ మండలంలోని మార్లవాయిలో ఆయన, ఆయన భార్య బెట్టీ నివసించారు. 1943లో అక్కడ గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దే శిక్షణకేంద్రం ప్రారంభమైంది. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారయ్యాయి. పిల్లలకు తెలిసిన భాషతో అక్షరాభ్యాసం మొదలుపెట్టి, తరువాత రాజ్యభాష అయిన ఉర్దూ వైపు తీసుకుపోవడం ఆ పథకంలోని పద్ధతి. ఏటా జనవరిలో మార్లవాయి ప్రజలు హైమన్‌డార్ఫ్ దంపతుల వర్ధంతిని జరుపుకుంటారు. కొత్త సంవత్సర సంకల్పాలు చెప్పుకునే నెలలోనే ఆ స్మరణ కూడా రావడం ఈ చర్చకు సందర్భోచితంగా ఉంది.

మార్లవాయి పద్ధతిలో మూడు అంశాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఎవరికి నేర్పాలో ముందే నిర్ణయించుకున్నారు. ఏ భాషతో మొదలుపెట్టి ఏ భాషకు చేరాలో క్రమం ఉంది. నేర్చుకున్నవాడు ఆ విద్యతో ఏం చేయాలో, అంటే తన ఊరి పిల్లలకు చదువు చెప్పాలని కూడా నిర్ణయమైంది. నేటి మన ఆంగ్లాధ్యయన సంకల్పాలలో లోపిస్తున్నవి ఈ మూడే.

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 విద్యాసంవత్సరం నుంచి 1 నుంచి 8 తరగతుల వరకు ఆంగ్లమాధ్యమాన్ని ప్రవేశపెట్టి, ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఆంగ్లం ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలను అందించారు. నేడు తెలుగులో స్నాతకోత్తర విద్య, పరిశోధన చేస్తున్న తరం అంతకు ముందే పాఠశాల దాటింది. ఆ ఎదుటి పుట లేకుండానే చదువుకున్న ఈ తరం దానిని స్వయంగా సమకూర్చుకోవలసి ఉంది.

3. సంకల్పం, లక్ష్యం – సైద్ధాంతిక వివేచన

3.1 కొత్త ఆరంభాల బలం, పరిమితి

సంవత్సరాదిన సంకల్పం చేసుకోవడంలో అర్థం లేదని కొట్టివేయలేం. హెంగ్‌చెన్ డాయ్, కాథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో ప్రచురించిన పరిశోధనలో కొత్త వారం, కొత్త నెల, కొత్త సంవత్సరం, కొత్త విద్యార్ధసంవత్సరం మొదలయ్యే రోజుల్లో మనుషులు మంచి అలవాట్ల వైపు ఎక్కువగా మొగ్గుతారని గుర్తించారు. గడచిన కాలపు వైఫల్యాలను వెనుకనే వదిలివేశామన్న భావన అందుకు తోడ్పడుతుంది. తెలుగువారికి ఇలాంటి ఆరంభాలు ఏడాదిలో ఒకటికి మించి ఉన్నాయి. జనవరిలో మొదలైన ప్రయత్నం కుంటుపడితే ఉగాది ఉంది. అదీ తప్పితే జూన్‌లో విద్యాసంవత్సరం ఉంది. అయితే ఈ రోజులు ప్రయత్నాన్ని మొదలుపెట్టిస్తాయే తప్ప కొనసాగించలేవు. కొనసాగింపునకు లక్ష్యం కావాలి.

3.2 లక్ష్యనిర్దేశ సిద్ధాంతం

ఎడ్విన్ లాక్ 1968 నుంచి, ఆపై గ్యారీ లేథమ్‌తో కలిసి చేసిన అధ్యయనాల సారాన్ని వీరిద్దరూ 1990లో ఒక గ్రంథంగా అందించారు. "నీకు చేతనైనంత చెయ్యి" అని చెప్పినప్పటి కంటే, కొంత కష్టమైనదే అయినా నిర్దిష్టమైన లక్ష్యం ఇచ్చినప్పుడు మనుషులు మెరుగైన ఫలితం సాధిస్తారని వారి ప్రధాన నిర్ధారణ. స్పష్టత, తగినంత కష్టం, నిబద్ధత, ఎప్పటికప్పుడు ఫలితం తెలియడం, పని సంక్లిష్టతకు తగిన వ్యవధి అనే అయిదింటిని వారు ముఖ్యంగా పేర్కొన్నారు. జార్జ్ డోరన్ 1981లో సంస్థల నిర్వహణ కోసం ప్రతిపాదించిన 'స్మార్ట్' సూత్రం కూడా ఈ కోవకు చెందినదే.

ఈ సిద్ధాంతాన్ని భాషాభ్యసనానికి అన్వయించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అలవాటైన పనిలో ఫలితాన్ని లక్ష్యంగా పెట్టుకోవచ్చు. కొత్తగా నేర్చుకునే సంక్లిష్టమైన పనిలో మాత్రం ఫలితం కంటే నేర్చుకునే పద్ధతిని లక్ష్యంగా పెట్టుకోవడం మేలని తరువాతి అధ్యయనాలు తెలిపాయి. "డిసెంబర్‌కల్లా అనర్గళంగా మాట్లాడాలి" అన్నది ఫలితలక్ష్యం. "పొడవైన ఆంగ్లవాక్యంలో ప్రధానక్రియను గుర్తించే పద్ధతి నేర్చుకోవాలి" అన్నది అభ్యసనలక్ష్యం. ప్రారంభదశలో రెండోదే ప్రయోజనకరం.

అలాగే దూరలక్ష్యం కంటే దగ్గరి లక్ష్యం ఎక్కువ మేలు చేస్తుంది. గణితంలో వెనుకబడిన పిల్లలపై ఆల్బర్ట్ బందూరా, డేల్ షుంక్ 1981లో చేసిన ప్రయోగంలో, మొత్తం పని ఒకేసారి లక్ష్యంగా ఉన్న పిల్లల కంటే ఒక్కో విడతకు చిన్న లక్ష్యం పెట్టుకున్నవారు ఎక్కువ నేర్చుకున్నారు. వారిలో ఆత్మవిశ్వాసమూ ఆసక్తీ పెరిగాయి.

4. అవసరం నుంచి లక్ష్యానికి

4.1 మైఖేల్ వెస్ట్ వేసిన ప్రశ్న

భారతీయులకు ఆంగ్లం ఎందుకు అన్న ప్రశ్నను అభ్యాసకుల పక్షాన నిలిచి ఆలోచించినవారిలో మైఖేల్ వెస్ట్ ముఖ్యుడు. ఢాకాలో ఉపాధ్యాయశిక్షణ రంగంలో పనిచేసిన ఆయన 1926లో బెంగాల్ పరిస్థితులను ఆధారం చేసుకుని ద్విభాషికతపై ఒక గ్రంథం ప్రచురించాడు. బెంగాలీ విద్యార్థికి అన్నిటికంటే ముందు కావలసింది ఆంగ్లం చదివి విషయం గ్రహించే శక్తి అని ఆయన వాదించాడు.

ఈ వాదానికి ఆయన బీమారంగం నుంచి తెచ్చుకున్న భావన ఒకటి ఆధారం. బీమా పాలసీని మధ్యలో వదులుకున్నా ఎంతో కొంత సొమ్ము చేతికి వస్తుంది. దానినే సరెండర్ విలువ అంటారు. చదువును మధ్యలో మానేసినవారికి అప్పటిదాకా నేర్చుకున్నది ఏ మేరకు పనికి వస్తుందన్న ప్రశ్నను వెస్ట్ ముందుకు తెచ్చాడు. కొత్త సంవత్సర సంకల్పాలకు ఈ కొలమానం చక్కగా సరిపోతుంది. సంభాషణాచాతుర్యం కోసం మొదలుపెట్టి మూడు నెలలకు మానేసిన పరిశోధకునికి, చుట్టూ ఆంగ్లం మాట్లాడే అవకాశం లేకపోతే, మిగిలేది స్వల్పం. తన పరిశోధనాంశంపై ముప్పై పుటలు చదివి మానేసినా, ఆ ముప్పై పుటల విషయం అతని సిద్ధాంతగ్రంథంలో నిలుస్తుంది.

4.2 తెలుగు పరిశోధకుని అవసరాలు

తెలుగు పరిశోధకునికి ఆంగ్లం మూడుచోట్ల తప్పనిసరిగా ఎదురవుతుంది.

మొదటిది ఆకరగ్రంథ పఠనం. దీనిని ప్రవేశికలో ప్రస్తావించాం.

రెండోది యు.జి.సి. నెట్ పరీక్ష. తెలుగు అభ్యర్థి రెండో పత్రాన్ని తెలుగులోనే రాస్తాడు. బోధన, పరిశోధన సామర్థ్యాలకు సంబంధించిన మొదటి పత్రం మాత్రం ఆంగ్లం, హిందీ భాషల్లోనే ఉంటుంది. మూడు గంటల్లో రెండు పత్రాలూ కలిపి 150 ప్రశ్నలకు సమాధానాలు గుర్తించాలి. అంటే ఒక్కో ప్రశ్నకు సగటున 72 సెకన్లు. మొదటి పత్రంలోని 50 ప్రశ్నల్లో పఠనావగాహన ఒక విభాగమే అయినా, ఆ 50 ప్రశ్నలనూ చదవవలసింది పరభాషలోనే. నెట్ స్కోరును పిహెచ్.డి. ప్రవేశాలకు కూడా వినియోగించవచ్చని యు.జి.సి. 2024లో ప్రకటించిన తరువాత ఈ పఠనవేగం ప్రాధాన్యం మరింత పెరిగింది.

మూడోది రచన. పరిశోధనపత్రిక కోరే ఆంగ్లసంగ్రహం, సదస్సుకు పంపే ప్రతిపాదన ఇందులోకి వస్తాయి. ఈ పనిని యంత్రానువాదానికి అప్పగించడం ఇప్పుడు సులభమైంది. అయితే అనువాదాన్ని సరిచూడగల శక్తి లేనప్పుడు అలంకారశాస్త్రంలోని 'రసం' పండ్లరసంగా, 'ధ్వని' కేవలం శబ్దంగా మారిపోయినా మనకు తెలియదు. యంత్రం సాయం తీసుకునేవారికీ పఠనశక్తి తప్పదు.

ఈ మూడింటికీ ఆధారం చదవగలగడమే. శ్రవణం, సంభాషణ అనవసరమని దీని అర్థం కాదు. చదువుతో సమకూరిన పదసంపద వాటికీ ఉపకరిస్తుంది. ఏడాదికి ఒక ప్రధానలక్ష్యం చాలు కనుక పఠనాన్ని ముందు ఉంచడం సమంజసం.

5. లక్ష్యనిర్దేశ విధానం

5.1 ప్రస్తుత స్థాయిని తెలుసుకోవడం

ఐరోపా మండలి 2001లో ప్రచురించిన భాషాసామర్థ్య చట్రం ఎ1 నుంచి సి2 వరకు ఆరు స్థాయిలను నిర్వచించింది. ఆ స్థాయిలను "ఇది చేయగలను" అనే వాక్యాలతో వివరించడం దాని విశేషం. శ్రవణం, పఠనం, సంభాషణ, మౌఖికవివరణ, రచన అనే అయిదింటిలో ఒకే వ్యక్తి వేర్వేరు స్థాయిల్లో ఉండవచ్చని కూడా అది అంగీకరిస్తుంది. "నాకు ఇంగ్లీషు రాదు" అనే మాట ఈ చట్రంలో నిలవదు. ఏ నైపుణ్యంలో ఎక్కడి వరకు చేయగలమో చెప్పుకోవలసి ఉంటుంది.

పరిశోధకుడు తన పఠనస్థాయిని తానే తెలుసుకునే సులభమార్గం ఒకటి ఉంది. తన అంశానికి చెందిన ఆంగ్లగ్రంథంలో సుమారు 300 పదాలున్న ఒక పుటను తీసుకోవాలి. తెలియని పదాల కింద గీతలు గీసి లెక్కించాలి. ఇతరుల సహాయం లేకుండా ఒక రచన బాగా అర్థం కావాలంటే అందులోని పదాల్లో సుమారు 98 శాతం తెలిసి ఉండాలని పాల్ నేషన్ తదితరుల అధ్యయనాలు చెబుతున్నాయి. అంటే 300 పదాల పుటలో తెలియనివి ఆరుకు మించరాదు. 95 శాతం తెలిస్తే తెలియనివి పదిహేను ఉంటాయి. ఆ దశలో నిఘంటువు సాయంతో చదువు సాగుతుంది. తెలియని పదాలు నలభై దాటితే ముందుగా అదే అంశంపై సులభమైన రచనను ఎంచుకోవడం మంచిది. ఈ నలభై అన్న హద్దు అనుభవం మీద పెట్టుకున్నదే కాబట్టి ఎవరికి వారు సవరించుకోవచ్చు.

5.2 పదజాల లక్ష్యం

సాధారణ ఆంగ్లగ్రంథాలను 98 శాతం పదపరిచయంతో చదవడానికి ఎనిమిది నుంచి తొమ్మిది వేల పదకుటుంబాలు తెలిసి ఉండాలని నేషన్ 2006లో అంచనా వేశాడు. ఆ సంఖ్య భయపెట్టవచ్చు. దానిని అందుబాటులోకి తెచ్చే మార్గాలు రెండున్నాయి. వెస్ట్ 1953లో వెలువరించిన జాబితాలోని సుమారు 2000 పదాలు నిత్యవ్యవహారానికి ఆధారం. డిగ్రీ పూర్తిచేసినవారికి వాటిలో చాలావరకు పరిచితాలే. అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో రూపొందించిన విద్యావిషయక పదపట్టికలో 570 పదకుటుంబాలున్నాయి. అవి ఏ శాస్త్రగ్రంథంలోనైనా తరచుగా కనిపిస్తాయి. వారానికి 12 చొప్పున నేర్చుకుంటే 48 వారాల్లో ఆ పట్టిక పూర్తవుతుంది.

మిగిలినవి అంశానికి ప్రత్యేకమైన పదాలు. ఒకే అంశంపై వరుసగా చదివితే అవే మాటలు పదేపదే ఎదురై గుర్తుండిపోతాయి. ఇక్కడ స్థానిక పరిశోధకునికి గొప్ప అనుకూలత ఉంది. గోండు సమాజంలో ఏడు, ఆరు, ఐదు, నాలుగు అన్నదమ్ముల 'సగ'ల విభజన ఎలాంటిదో, 'పేన్' అంటే ఏమిటో అతనికి ముందే తెలుసు. 'క్లాన్', 'ఎక్సోగమీ' వంటి మాటలు ఆ పుటలో ఎదురైనప్పుడు, నిఘంటువు ఇచ్చే అర్థం కంటే తన ఊరి పెళ్లి సంబంధాల జ్ఞానమే అతనికి వాటిని త్వరగా విడమరచి చెబుతుంది. విషయజ్ఞానం భాషాజ్ఞానలోపాన్ని కొంతవరకు పూరిస్తుంది. అందుకే తెలియని విషయంపై సులభమైన పాఠం కంటే, తెలిసిన విషయంపై కాస్త కఠినమైన పాఠం పరిశోధకునికి అనుకూలం.

5.3 వాక్యనిర్మాణ లక్ష్యం

పదాలన్నీ తెలిసినా వాక్యం అర్థం కాని స్థితి చాలామందికి అనుభవం. తెలుగు, ఆంగ్ల వాక్యనిర్మాణాల తేడా దీనికి కారణం. "నాగోబా జాతరకు మెస్రం వంశీయులు కాలినడకన తెచ్చిన గోదావరి జలం" అన్న పదబంధంలో విశేషణభాగమంతా 'జలం' అనే నామానికి ముందే వస్తుంది. ఆంగ్లంలో ముందుగా నామం వస్తుంది. తరువాత 'దట్', 'విచ్' వంటి పదంతో వివరణ మొదలవుతుంది. తెలుగులో క్రియ వాక్యాంతంలో ఉంటుంది కాబట్టి తెలుగు పాఠకుడు చివరిదాకా ఎదురుచూడడానికి అలవాటుపడి ఉంటాడు. ఆంగ్లంలో ప్రధానక్రియ కర్త వెంట రావాలి కానీ, మధ్యలో ఉపవాక్యం చేరితే వాటి నడుమ దూరం పెరుగుతుంది. ఇక్కడే పాఠకుడు దారి తప్పుతాడు.

కాబట్టి మొదటి మూడు నెలలు వారానికి పది పొడవైన వాక్యాలను తీసుకుని, ప్రతిదానిలో కర్తను, ప్రధానక్రియను గుర్తించి, 'విచ్', 'దట్', 'హూ' అనే పదాలు ఏ నామాన్ని వివరిస్తున్నాయో బాణంగీతతో చూపాలి. తరువాత ఆ వాక్యాన్ని తెలుగు క్రమంలోకి తిప్పి రాయాలి.

ఇదే అభ్యాసంలో మరొక అంశాన్ని చేర్చాలి. 'మే', 'సీమ్స్', 'పర్‌హాప్స్', 'ఇట్ ఈజ్ సెడ్' వంటి మాటలు రచయిత తన మాటకు పెట్టుకున్న హద్దులు. అవి అతడు ఊహిస్తున్నాడా, విన్నది చెబుతున్నాడా, చూసింది చెబుతున్నాడా అన్నది తెలియజేస్తాయి. "కావచ్చు" క్రమంగా "నిరూపించారు"గా మారే దోషం ఈ మాటలను దాటవేయడం వల్లనే కలుగుతుంది. తెలుగులో 'అట', 'కాబోలు', 'ఏమో' చేసే పని ఇదే కాబట్టి దీనిని గ్రహించడం మనకు కష్టం కాదు. కావలసింది వాటిని గమనించే అలవాటు.

5.4 వేళ, చోటు నిర్ణయించుకోవడం

"రోజూ చదువుతాను" అన్న నిర్ణయం కంటే "ఫలానా పని కాగానే ఫలానా చోట చదువుతాను" అన్న నిర్ణయం ఎక్కువగా ఆచరణలోకి వస్తుందని పీటర్ గోల్‌విట్జర్ 1999లో వివరించాడు. "సాయంత్రం కళాశాల నుంచి వచ్చి టీ తాగిన వెంటనే, ఫోను మరో గదిలో ఉంచి, ఒక పుట చదువుతాను" అన్నది అలాంటి నిర్ణయం. ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టిందని ఫిలిపా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనం తెలిపింది. వ్యక్తిని, పనిని బట్టి ఆ వ్యవధి 18 నుంచి 254 రోజుల వరకు మారింది. జనవరి 1న మొదలుపెడితే 66వ రోజు మార్చి 7. సంకల్పాలు సడలిపోయే కాలం సరిగ్గా అదే కావడం గమనించాలి. అదే అధ్యయనంలో ఒకరోజు తప్పినంతమాత్రాన అలవాటు దెబ్బతినలేదని కూడా తేలింది. జాతరకో పెళ్లికో వెళ్లి ఒకరోజు చదవనివారు ప్రయత్నం మొత్తం మానుకోవలసిన పని లేదు.

5.5 తెలుగులో నమోదు

ప్రతి పుట చదివిన తరువాత పుస్తకం మూసి, గుర్తున్న విషయాన్ని నాలుగు తెలుగు వాక్యాల్లో రాయాలి. చదివినదాన్ని మళ్లీ మళ్లీ చదవడం కంటే చూడకుండా గుర్తుచేసుకోవడం జ్ఞాపకాన్ని ఎక్కువకాలం నిలుపుతుందని రోడిగర్, కార్పికి 2006లో చూపారు. తెలుగులో రాయడం వల్ల రెండో ప్రయోజనం కూడా ఉంది. ఆ వాక్యాలే పుటసంఖ్యతోసహా పరిశోధనపత్రాలుగా ఉపయోగపడతాయి. నాగపూర్‌లో చదువుకున్న కొమర్రాజు లక్ష్మణరావు 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించినప్పుడు, ఇతర భాషల్లో చదివి గ్రహించిన జ్ఞానాన్ని తెలుగులోకి తేవడమే ఆయన ఆశయం. తెలుగు పరిశోధకుని ఆంగ్లాధ్యయనానికి ఆ సంప్రదాయమే సరైన ఆధారం.

6. 48 వారాల ప్రణాళిక

ఏడాదిలో పండుగలు, పరీక్షలు, పునఃసమీక్ష కోసం నాలుగు వారాలు మినహాయించి, మూడు నెలలకు 12 వారాలు, వారానికి అయిదు రోజుల చొప్పున ఈ ప్రణాళికను రూపొందించడమైంది.

జనవరి–మార్చి: రోజుకు అరపుట, మొత్తం 30 పుటలు. వాక్యనిర్మాణ పరిశీలన ప్రధానం. దశ చివర "నిఘంటువు సాయంతో ఒక పేరాను తెలుగులో వివరించగలను" అని చెప్పుకోగలగాలి.

ఏప్రిల్–జూన్: రోజుకు ఒక పుట, మొత్తం 60 పుటలు. ఒక గ్రంథంలోని ఒకటి రెండు అధ్యాయాలు పూర్తికావాలి. "ఒక అధ్యాయంలో రచయిత వాదమేమిటో, ఆధారమేమిటో విడదీసి చెప్పగలను" అన్నది ఈ దశ లక్ష్యం.

జులై–సెప్టెంబర్: రోజుకు రెండు పుటలు, మొత్తం 120 పుటలు. వారానికి ఒకసారి గడియారం పెట్టుకుని చదివి వేగాన్ని నమోదు చేసుకోవాలి. నెట్ రాసేవారు మొదటి పత్రపు పాత ప్రశ్నలను ఈ దశలో చేర్చుకోవచ్చు.

అక్టోబర్–డిసెంబర్: రోజుకు ఒక పుట, మొత్తం 60 పుటలు. మిగిలిన సమయం రచనకు కేటాయించాలి. తన పరిశోధనాంశంపై 150 పదాల ఆంగ్లసంగ్రహాన్ని స్వయంగా రాసి, ఆపైన మాత్రమే యంత్రంతోనో మిత్రునితోనో సరిచూసుకోవాలి.

ఈ లెక్కన ఏడాదికి 270 పుటలు అవుతాయి. అది ఒక మధ్యస్థ గ్రంథం పరిమాణం. జనవరిలో గీతలు గీసిన పుటనే డిసెంబర్‌లో మళ్లీ తీసుకుని తెలియని పదాలను లెక్కిస్తే, ఏడాది ఫలితం అంకెల్లో తెలుస్తుంది.

7. అధ్యాపకుల బాధ్యత

లక్ష్యం వ్యక్తిగతమే అయినా దానికి సహాధ్యాయుల తోడు అవసరం. తెలుగుశాఖలో వారానికి ఒక గంట 'ఆకరగ్రంథ పఠనం' కోసం కేటాయించి, ఒక్కొక్కరు ఒక్కో ఆంగ్లపుటను తెలుగులో వివరించే ఏర్పాటు చేయవచ్చు. అధ్యాపకుడు కూడా తన వంతు పుట వివరించాలి. అర్థం కాని చోట "నాకు కూడా అర్థం కాలేదు, కలిసి చూద్దాం" అని అధ్యాపకుడు అనగలిగితే విద్యార్థిలోని బిడియం సగం తగ్గుతుంది. ఉచ్చారణను ఎత్తిచూపే వేదికగా ఆ గంటను మార్చకూడదు.

ఆసిఫాబాద్ వంటి ప్రాంతాల్లో మరొక జాగ్రత్త తీసుకోవాలి. గోండీ, కోలామీ మాట్లాడే విద్యార్థిని "మూడు భాషలు దాటి రావలసినవాడు"గా కాక "మూడు భాషలు తెలిసినవాడు"గా చూడాలి. కృష్ణమూర్తి వర్గీకరణలో తెలుగు, గోండీ రెండూ దక్షిణమధ్య ద్రావిడశాఖకు చెందినవే. ఒక భాష నుంచి మరొక భాషలోకి వాక్యాన్ని మార్చే పని ఆ విద్యార్థి చిన్ననాటి నుంచి చేస్తూనే ఉన్నాడు. ఆంగ్లపఠనంలో కావలసిన మౌలిక నైపుణ్యం అదే.

8. ముగింపు

1. "ఇంగ్లీషు నేర్చుకోవాలి" అన్నది సంకల్పమే తప్ప లక్ష్యం కాదు. ఏ నైపుణ్యం, ఏ అవసరానికి, ఎంత వ్యవధిలో అన్నవి తేలినప్పుడే అది లక్ష్యమవుతుంది.

2. తెలుగు పరిశోధకునికి మొదటి లక్ష్యం పఠనం. మధ్యలో ఆగినా వృథా కాని లక్ష్యం ఇదే.

3. పదజాలం, వాక్యనిర్మాణం, రచయిత పెట్టుకున్న హద్దుల గుర్తింపు అనే మూడింటిని విడివిడిగా సాధన చేయాలి.

4. నిర్ణీతవేళ, చిన్న లక్ష్యం, తెలుగులో నమోదు ప్రయత్నాన్ని నిలబెడతాయి.

5. స్థానికజ్ఞానం, బహుభాషికత ఆసిఫాబాద్ ప్రాంత పరిశోధకునికి అదనపు బలాలు.

మార్లవాయిలో కూర్చుని హైమన్‌డార్ఫ్ సేకరించిన విషయాలు ఆ గ్రామాల పెద్దలు, ప్రధానులు నోటితో చెప్పినవే. ఆ మాటలు ఆంగ్లంలో గ్రంథస్థమై ఏడు దశాబ్దాలు దాటాయి. వాటిని చెప్పినవారి మనుమలు, మునిమనుమలు నేడు మన కళాశాలల్లో చదువుతున్నారు. తాతలు చెప్పినదాన్ని ఆ గ్రంథం సరిగా నమోదు చేసిందో లేదో పరిశీలించి చెప్పగల అర్హత అందరికంటే వారికే ఎక్కువ. ఆ పని చేయాలంటే ముందు దానిని చదవాలి. ఈ సంవత్సరం రోజుకు అరపుటతో ఆ పఠనాన్ని ప్రారంభించవచ్చు.